నేల తాకని తవల

మోటారుసైకిలు మీద వెనక కూర్చున్న మనిషి నెయ్యి నిండిన ఇత్తడి తవలను ఒళ్ళో పెట్టుకుని పట్టుకోవాలి. ముందు కూర్చున్నవాడు బండి నడపాలి. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆ తవలను నేల మీద దించకూడదు. చెప్పుకుంటే ఇంతే పని. ఇంత చిన్న పని ఆ రోజు నా చేత ఎన్ని తిట్లు తిట్టించిందో, అందులో సగం పైకి అనలేక ఎన్ని మింగానో, ఇప్పుడు తలచుకున్నా దవడ బిగుసుకుంటుంది.

తిరుత్తణి దాటి పడమరగా పోతే కొండల మధ్య ఒక చిన్న మురుగన్ గుడి ఉంది. పేరు చెప్పినా తెలిసినవాళ్ళు తక్కువ. కార్తీక దీపం రోజు సాయంత్రం ఆ కొండ కొసన పెద్ద ఇనుప మూకుడులో దీపం వెలిగిస్తారు. మూకుడులో మొదట పడే నెయ్యి మా ఇంటిది. మా ముత్తాత తిరువళ్ళూరులో నెయ్యి మండి పెట్టినప్పటి నుంచి ఇది నడుస్తోంది. మండి పోయింది. మండి ఉన్న వీధిలో మా మూడు ఇళ్ళూ పోయాయి. ఇప్పుడు మేముండేది రెండు గదుల అద్దె పోర్షను. తవల మాత్రం మిగిలింది. ఏటా వెన్న కొని ఇంట్లోనే కాస్తాం. ప్యాకెట్టు నెయ్యి ఆ తవలలో పోయనివ్వను.

నియమాలు ఎక్కువ లేవు. ఇంట్లో దేవుడి గూటి ముందు ఎత్తిన తవల కొండ మెట్ల దాకా నేల తాకకూడదు. ఇంటివాళ్ళ చేతులు తప్ప పరాయి చెయ్యి తగలకూడదు. మూడింటికల్లా మెట్ల దగ్గర అప్పజెప్పాలి, ఎందుకంటే అక్కడి నుంచి కొండ కొసకు మోయడానికి రెండు గంటలు పడుతుంది. అప్పజెప్పే ముందు గురుక్కళ్, అంటే ఆ గుడి పూజారి, అందరి ముందూ అడుగుతాడు: "నేల తగిలిందా? పరాయి చెయ్యి తగిలిందా?" మా ఇంటి పెద్ద రెండింటికీ లేదు అనాలి. అప్పుడు తలకు పరివట్టం కడతారు. దేవుడికి కట్టిన పట్టుగుడ్డను మడిచి మనిషి తలకు చుట్టడమన్నమాట. మా తాతకు కట్టారు, మా నాయనకు కట్టారు, నాకూ చాలా ఏళ్ళు కట్టారు.

వరసగా మూడేళ్ళు నెయ్యి రాకపోతే ఆ హక్కు ఇంకో ఇంటికి పోతుంది. అప్పటికి రెండేళ్ళు తప్పింది. ఒక ఏడు నా కాలు విరిగి మంచంలో ఉన్నాను. మరుసటేడు వాగు పొంగి దారి మూసేశారు. ఇది మూడో ఏడు. తీసుకోవడానికి మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు, ఆ పక్క ఊళ్ళో బోరు లారీలు నడిపే ఆసామి. గుడికి మండపం కట్టించింది ఆయనే. నేను రాకపోతే తను నెయ్యి తెస్తానని చెప్పాడట. గురుక్కళ్ ఫోనులో ఆ సంగతి చెడ్డగా చెప్పలేదు.

"మీరొస్తే మీదే అయ్యా. రాకుంటే దీపం నిలిచిపోదు గదా" అన్నాడు.

ఆ మాట నిజం కాబట్టి నాకు ఇంకా మంటెక్కింది.

ఇదివరకు తవల పట్టుకుని వెనక కూర్చునేది నా భార్య. నడుములో డిస్కు జరిగి, బండి ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు. కొడుకు శ్రీపెరుంబుదూరులో ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నాడు. సెలవు అడగరా అంటే, "పండగంటే అందరూ అడుగుతారు నాన్నా" అన్నాడు. ఇక ఇంటి మనిషని చెప్పుకోవడానికి మిగిలింది నా చెల్లెలు.

తిరకాసంతా అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళ కిందట తను పట్టాభిరామ్‌లో ఉండే ఒక వెల్డరును పెళ్ళి చేసుకుంది. మా కులం కాదు. అప్పటికే మండి మూతపడుతోంది. మిగిలింది పరువొక్కటే అనుకునేవాణ్ణి. ఎవరైనా అడిగితే మా ఇంట్లో ఆడపిల్లలు లేరని చెప్పాను. మరుసటేడు నా పెళ్ళి శుభలేఖలో తన పేరు వేయించలేదు. అమ్మ పోయినప్పుడు వచ్చింది. అప్పటి నుంచి రాకపోకలు ఉన్నాయి గానీ, తను మా ఇంట్లోకి వస్తుంది, నేను వాళ్ళ గేటు దాకా పోతాను. దీపావళికి పలహారాల సంచి గేటు మీదుగా అందించి వచ్చేస్తాను. అక్కడ బండి ఇంజను ఆపను. "పాత బండి, ఆపితే మళ్ళీ స్టార్టు కాదు" అంటాను. పాత బండి అన్నది మాత్రం నిజమే.

ఈసారి రమ్మని నేను అడగలేదు. నా భార్య ఫోను చేసింది.

చెల్లెలు తెల్లవారుజాము లోకల్ ట్రైనులో వచ్చింది. తలకు పోసుకుని, జడ ఇంకా తడిగానే ఉంది. దేవుడి గూటి ముందు తవల ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాను. మూతికి వాడ్చిన అరిటాకు, దాని మీద పసుపు గుడ్డ, పురికొస. బయట మంచు పట్టి వీధి చివర కనిపించడం లేదు. బండి మా నాయనది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే కాలం నాటిది. ఏడు కిక్కులకు లేచింది.

"అన్నా, ఒక మాట అడుగుతా. ఆడ గురుక్కళ్ అడిగితే ఏం చెప్తావు?"

"ఏమని అడిగితే?"

"పరాయి చెయ్యి తగిలిందా అని. నేను పరాయిదాన్నే గదా. శుభలేఖలో గూడా లేను."

"పొద్దున్నే మొదలుపెట్టొద్దు పాపా. ఎక్కు."

"ఎక్కతా ఉండా. రైల్లో పోయుంటే తిరుత్తణి దాకా కాళ్ళు చాపుకోని పోయుండొచ్చు."

"మా ఇంటి తవల ఎప్పుడూ రైలెక్కలేదు."

"ఎందుకు, దానికి రైలంటే బయమా?"

బండి కదిలించాను.

తిరుప్పాచ్చూరు దాటేసరికి మంచు విడిచింది, ఎండ చురుక్కుమంది. కార్తీక మాసమని పేరే గానీ ఆ ఎండకు హెల్మెట్టులో నుదురు ఉడికింది. రోడ్డు వెడల్పు పని జరుగుతోంది. లారీలు లేపే ఎర్రదుమ్ము నా తెల్ల పంచె మీద పడుతోంది. పంచె కట్టుకుని బండి నడపవద్దని నా భార్య చెప్పింది. ప్యాంటు వేసుకుని ఆ మెట్ల దగ్గర నిలబడిన వాళ్ళు మా ఇంట్లో లేరు.

"అన్నా, నెయ్యి కరగతా ఉండాది. లోపల ఆడతా ఉండాది" అంది వెనక నుంచి.

ఆ రోజు వాతావరణమంతా నాకు తవలలోంచే తెలిసింది. బయలుదేరినప్పుడు గడ్డకట్టి ఉన్న నెయ్యి ఎండకు నీళ్ళయింది. నీళ్ళయితే గుంత వచ్చినప్పుడల్లా మూతి దగ్గరకు ఎగురుతుంది. అందుకని గుంత కనిపిస్తే నేను బండిని ఈడ్చినట్టు నడపాలి. ఆ రోడ్డులో గుంత లేని చోటు వెతకడమే కష్టం. వెనక నుంచి లారీ హారను, వెనక సీటు నుంచి "మెల్లంగా, మెల్లంగా." ఆ లారీవాడికి ఒకసారి చెయ్యెత్తి చూపించాను. చూపించినందుకు ఆ తర్వాత సిగ్గుపడ్డాను. మా నాయన ఎవరికీ అట్లా చెయ్యెత్తి ఎరగడు.

కనకమ్మసత్రం దగ్గర వాన పట్టుకుంది. ముందు చెప్పి వచ్చే వాన కాదు. ఎండ ఉండగానే రోడ్డుకు అటు పక్క తడిసింది, ఇటు పక్క పొడిగా ఉంది, అంతలో రెండు పక్కలా కుండపోత. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. టీ కొట్టు రేకుల కిందికి నేను బండి తోసుకుంటూ, తను తవల ఎదకు ఆనించి కొంగు కప్పుకుని పరుగెత్తుకుంటూ చేరాం.

ప్లగ్గు విప్పాను. నల్లగా మసి పట్టి ఉంది. సీటు కింద ఎమరీ కాగితం ఉంది. మా నాయన కాలం నుంచి ఈ బండిని వీధి మెకానిక్కుల చేతికి ఇవ్వం. ఒంగి గీకుతున్నాను. ప్యాంటు వేసుకున్నవాడు గొంతుక్కూర్చున్నా చూడడానికి బాగానే ఉంటుంది. పంచె కట్టినవాడు కూర్చుంటే చుట్టూ ఉన్న నలుగురూ మొహం తిప్పుకోవాలి. తిప్పుకున్నారు.

టీ కొట్టాయన కాసేపు చూసి, "అయ్యా, ఆయమ్మ చేతులు నొప్పి పుడతాయి. అది ఇట్లియ్యండి, నేను పట్టుకుంటా" అన్నాడు.

"వద్దు. అది పరాయివాళ్ళు తాకకూడదు."

"సరి, అయితే ఈ స్టూలు మీద పెట్టండి. స్టూలు నేల కాదు గదా."

"స్టూలు కాళ్ళు నేల మీదే ఉన్నాయి" అన్నాను.

"మరి నా కాళ్ళు యాడుండాయన్నా?" అంది నా చెల్లెలు. "నేనేమన్నా గాల్లో నిలబడుండానా?"

టీ కొట్టాయన పకపకా నవ్వాడు. నేను ఎమరీ కాగితాన్ని మడిచి ఇంకా గట్టిగా గీకాను.

టీ వచ్చింది. ఆమె చేతులు రెండూ తవలకు. తవల నేను తీసుకుందామంటే నా చేతుల నిండా మసి, పెట్రోలు. ఆ చేతులతో దేవుడి నెయ్యి ముట్టుకోలేను. గ్లాసు మాత్రం పట్టుకోగలను. ఏం చేస్తాను, గ్లాసు ఆమె నోటి దగ్గర పట్టాను.

"కాలతా ఉండాది. ఊదు."

ఊదాను.

"ఇంకొంచెం వంచు. అట్లాగాదు, పైట మీద పడతాది. నువ్వెప్పుడన్నా ఎవురికన్నా తాపించినావా?"

"కొడుక్కి తాపించాను."

"వాడందుకే బక్కంగా ఉండాడు."

వాన తగ్గే దాకా అక్కడే ముప్పావు గంట పోయింది. తవల చల్లబడి నెయ్యి మళ్ళీ గడ్డకట్టింది. అదొక్కటే మేలు.

తిరుత్తణిలో జనం. కొండ మీద గోపురం కడిగినట్టు మెరుస్తోంది. మెట్ల పొడవునా మనుషులు పసుపు చుక్కల్లా ఎక్కుతున్నారు. మేము ఆగాల్సిన పని లేదు గానీ, బయలుదేరినప్పటి నుంచి ఆమె బిగబట్టుకుని ఉందని అప్పుడు చెప్పింది. బస్టాండు దగ్గర చేతులు కడుక్కుని తవల తీసుకున్నాను. ఆమె వెళ్ళింది. నేను బండి పక్కన నిటారుగా నిలబడ్డాను. మా తాత ఈ ఊరికి వస్తే అంగళ్ళవాళ్ళు లేచి నిలబడేవాళ్ళని మా నాయన చెప్పేవాడు. ఎవరైనా తెలిసినవాళ్ళు కనిపిస్తారేమోనని, కనిపించకూడదని, రెండూ అనుకుంటూ నిలబడ్డాను.

ఒక ముసలామె వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. బురద పట్టిన పంచె, తడిసిన చొక్కా, చేతుల్లో పసుపు గుడ్డ కట్టిన పాత్ర. కొండకు మొక్కున్నవాళ్ళు పసుపు గుడ్డతో నాలుగిళ్ళు అడిగి పోవడం ఆ ఊళ్ళో మామూలే. ఆమె కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు తీసి, చెయ్యి తగలకుండా తవల మీద వదిలి, "మురుగా" అని దండం పెట్టి వెళ్ళిపోయింది. రెండు చేతులూ తవలకే ఉండిపోయాయి. ఆ నోటును తీసిపారేయలేను. ఆమెను పిలిచి ఇది అది కాదని చెప్పడానికి పరువు అడ్డొచ్చింది. అట్లాగే నిలబడితే ఇంకొకాయన ఐదు రూపాయల బిళ్ళ వేశాడు.

నా చెల్లెలు తిరిగి వచ్చి చూసి, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది.

"నవ్వకు. తియ్యి దాన్ని."

"ఎందుకన్నా, ఇంకొంచెంసేపు నిలబడు. పెట్రోలుకి అయిపోతాది."

ఆ డబ్బు అక్కడే చెప్పుల స్టాండు ముందున్న ముసలాయనకు ఇప్పించాను. చాలాసేపు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఆమె తగ్గుతుందనుకున్నాను. ఆమె వెనక కూర్చుని ఏదో పాట కూనిరాగం తీసింది.

తిరుత్తణి దాటితే కొండలు దగ్గరికి వస్తాయి. ఆ దారి నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఎవరినీ అడగలేదు. ఈ రెండేళ్ళలో అక్కడొక కొత్త రోడ్డు కలిసింది. పాత రావి చెట్టు మలుపు లేదు, చెట్టూ లేదు. నేను నేరుగా పోనిచ్చాను. రెండు పక్కలా చెరకు తోటలు, వాటి వెనక నీలంగా కొండల వరస, మబ్బులు కొండల నడుము దాకా దిగి ఉన్నాయి. వాన నీళ్ళు బండరాళ్ళ మీద తెల్ల దారాల్లా కారుతున్నాయి. వేరే రోజైతే ఆగి చూసేవాణ్ణి.

"అన్నా, ముక్కు కొండ ఎదురుగా రాతా ఉండాది. మనం నగిరి పక్క పోతా ఉండాం."

"నాకు తెలుసు దారి."

"తెలిసే పోతా ఉండావా?"

ఇంకో రెండు మైళ్ళు పోయాక బోర్డులు తెలుగులోకి మారాయి. ఆంధ్రాలోకి వచ్చేశాం. బండి తిప్పాను. ఆమె మళ్ళీ అదే కూనిరాగం అందుకుంది. గంట పోయింది. టైము ఒకటి దాటింది. కడుపులో టీ తప్ప ఏమీ లేదు.

పొదటూరుపేటలో మగ్గాల చప్పుడు వింటూ సరైన దారి పట్టాం. ఈసారి ఆమె నన్ను అడగకుండానే, గుమ్మంలో నూలు చుడుతున్న ఒక ఆడమనిషిని కేకేసి తమిళంలో అడిగింది. అక్కడి నుంచి ఘాటు రోడ్డు మొదలు. గాలి ఎదురు కొట్టింది. మంచు దిగి ముందు చక్రం తప్ప ఏమీ కనపడలేదు. మళ్ళీ ఒక మలుపు తిరిగితే పగలగొట్టినట్టు ఎండ, లోయలో వరి మడులు అద్దాల్లా మెరుస్తున్నాయి. మళ్ళీ మలుపు, మళ్ళీ తుంపర. కళ్ళజోడు తుడుచుకోవడానికి కూడా ఆగలేని తొందర.

వెనక నుంచి తెల్ల కారు హారను కొట్టి పక్కకు వచ్చి ఆగింది. అద్దం దించాడు. బోరు లారీల ఆసామి. ముందు సీట్లో కొత్త నెయ్యి డబ్బా.

"అయ్యా, నమస్కారం. నేనూ ఆడికే. అమ్మను, తవలను కార్లో ఎక్కించండి. మీరు మెల్లంగా రాండి. వాన పట్టతాది మళ్ళా."

ఆయన గొంతులో ఎక్కడా ఎకసెక్కం లేదు. ఉండి ఉంటే బాగుండేది.

"వద్దండి. మేం చేరతాం."

"ఎవురూ ముట్టుకోరయ్యా. అమ్మే ఒళ్ళో పెట్టుకుంటాది."

"వద్దని చెప్పాను గదా."

"సరి అయ్యా" అని అద్దం ఎత్తుకుని వెళ్ళాడు. కారు మలుపు తిరిగే దాకా చూసి నా చెల్లెలు నిట్టూర్చింది.

"ఎక్కుంటే ఏం పోతాదన్నా?"

"ఆయన కారు దిగిన నెయ్యి మనదెట్లా అవుతుంది?"

"దిగేది నా ఒళ్ళో నుంచి గదా, మనదే అవుతాది."

ఆ కారు పోయిన పావుగంటకు క్లచ్ వైరు తెగింది. ఎక్కుడులో గేరు తగ్గించబోతే చేతిలో లివరు ఊగిపోయింది. బండి ఎగిరి ఆగింది. ఆమె తవలను గాల్లోకి ఎత్తి పట్టి, నా వీపు మీద వాలి, పడకుండా నిలిచింది. నేనొక్కణ్ణే అయితే తోసుకుని, ఉరికి ఎక్కి, క్లచ్ లేకుండానే నడిపి ఉండేవాణ్ణి. తవలతో ఆడమనిషి కదిలే బండి ఎక్కలేదు. గుడి ఇంకా రెండు కిలోమీటర్లు. టైము రెండుంబావు. బండిని ఒక తన్ను తన్నాను. మా నాయన బండిని తన్నడం అదే మొదలు.

"తన్నితే వైరు అతుక్కుంటాదా? ఇది పట్టుకో" అంది. అప్పుడు చూశాను. తవల అంచు ఒరుసుకుని మణికట్ల మీద ఎర్రటి గీతలు పడి ఉన్నాయి. బండిని రోడ్డు పక్కన నిలబెట్టి, పంచెకు చేతులు తుడుచుకుని తవల తీసుకున్నాను.

మూడు కిలోల నెయ్యి, తవల బరువు ఒక రెండు. అంతే కదా అనుకున్నాను. ఎక్కుడులో రెండు వందల అడుగులు వేసేసరికి భుజాలు లాగాయి. తడి ఇత్తడి జారుతుంది. నడుముకు ఆనిస్తే పంచె జారుతుంది. ఇన్నేళ్ళూ నేను ముందు కూర్చుని నడిపినవాణ్ణే. ఇది ఇంత బరువని నా భార్య ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వినేవాణ్ణా అన్నది వేరే సంగతి.

"నాకియ్యి, కొంచెంసేపు" అంది.

"అక్కర్లేదు."

"అన్నా, నేనడిగింది ఇంకా చెప్పలేదు. ఆడ అడిగితే ఏం చెప్తావు? అబద్దం చెప్తావా, నిజం చెప్తావా?"

"ఏది అబద్ధం, ఏది నిజం?"

"అదే గదా నేనడగతా ఉండేది."

ఊపిరి లేక జవాబు చెప్పలేదని ఆమె అనుకోవాలని ఇంకా వేగంగా నడిచాను.

మెట్ల దగ్గరకు చేరేసరికి మూడుకు పది నిమిషాలు తక్కువ. కొండ కొసన మబ్బు ఆడుతోంది. ముప్పై నలభై మంది ఉన్నారు. బోరు ఆసామి కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. కుర్చీ మీద నెయ్యి డబ్బా. నన్ను చూసి, ఏమీ అనకుండా డబ్బా తీసి కుర్చీ వెనక పెట్టాడు.

గురుక్కళ్ ముసలివాడు, చెవి కొంచెం మందం. విభూతి పెట్టి, నా ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నేల తగిలిందా?"

"లేదు."

"పరాయి చెయ్యి తగిలిందా?"

నా చెల్లెలు నా పక్కన లేదు. నాలుగడుగుల వెనక, జనంలో కలిసిపోయి, కొండకేసి చూస్తూ మణికట్టు రుద్దుకుంటోంది. నేను లేదు అంటే, ముప్పై ఏళ్ళు నేను నలుగురికీ చెప్పింది తప్పని ఆ నలుగురి ముందే ఒప్పుకున్నట్టు. అవునంటే తవల వెనక్కి పోతుంది, కుర్చీ వెనక డబ్బా ముందుకు వస్తుంది. ఇంకెవరూ నన్ను ఇంత ఇరుకులో పెట్టలేదు. నేనే పెట్టుకున్నాను.

"లేదు" అన్నాను.

"ఏమన్నారు?"

"లేదు."

"గట్టిగా చెప్పండయ్యా. అందురూ వినాల."

"లేదు! పరాయి చెయ్యి తగల్లేదు!" అని అరిచాను. కొండ దాన్ని ఒకసారి తిరిగి అంది.

ధర్మకర్తల్లో ఒక పెద్దాయన, మా నాయనను ఎరిగినవాడు, నా వెనక చూసి మెల్లగా అన్నాడు. "ఆయమ్మ పట్టాభిరామ్‌లో ఇచ్చిన పాప గదా? మీ ఇంట్లో ఆడపిల్లే లేదని గదా అప్పుడు చెప్పినారు?"

"ఇచ్చినా ఇవ్వకపోయినా ఆమె మా ఇంటి పిల్ల. పొద్దున్నుంచీ మోసింది ఆమె. అది మా ఇంటి చెయ్యే. ఇంకేమైనా అడగాలా?"

మెత్తగా చెప్పాల్సిన మాట. కానీ పొద్దున్నుంచీ లోపల ఉన్న చిరాకంతా, ఎర్రదుమ్మూ, పది రూపాయల నోటూ, తెగిన వైరూ, అంతా ఆ గొంతులోనే వచ్చింది. వినేవాళ్ళకు నేనెవరినో తిడుతున్నట్టు ఉండి ఉంటుంది. పెద్దాయన తల ఊపాడు. గురుక్కళ్ తవల అందుకున్నాడు. చేతులు ఖాళీ అయ్యాక అవి నావి కానట్టు వేలాడాయి.

తలకు పరివట్టం కట్టారు. తడి వెంట్రుకల మీద బిగించి కట్టేసరికి నొప్పి పుట్టింది. నిటారుగా నిలబడ్డాను. వెనక్కి తిరిగితే నా చెల్లెలు ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగుతోంది. కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి. అది గాలికి అయి ఉండొచ్చు.

"బాగుందన్నా. మోసింది నేను, తలపాగా నీకు" అంది.

నెయ్యిని కొండెక్కే గుడి బిందెలోకి వంచుకుని, ఖాళీ తవల నా చెల్లెలి చేతికి ఇచ్చారు. ప్రసాదం తిన్నాం. లేచి వచ్చేసరికి నా బండి మెట్ల పక్కన నిలబెట్టి ఉంది. బోరు ఆసామి తన లారీ మెకానిక్కును పంపి, కొత్త వైరు వేయించి తెప్పించాడు. మా నాయన బండి మీద వీధి మెకానిక్కు చెయ్యి పడింది. కృతజ్ఞత చెప్పాలి. చెప్పాను. చెప్పిన తీరు నాకే నచ్చలేదు.

"దానికేముందయ్యా. వచ్చే ఏడు కారెక్కండి" అన్నాడు నవ్వుతూ.

హెల్మెట్టు పెట్టుకోవాలంటే పరివట్టం తీయాలి. తీసి జేబులో పెట్టబోతుంటే ఆమె చెయ్యి చాచింది. ఆ పట్టుగుడ్డను కుడి మణికట్టుకు, మిగిలిన కొసను ఎడమ మణికట్టుకు చుట్టుకుని బండెక్కింది. దేవుడి గుడ్డను అట్లా వాడవచ్చా అని అడగబోయి ఊరుకున్నాను.

తిరుగు దారిలో ఆకాశం పూర్తిగా విడిచింది. పొద్దంతా ఇట్లా ఉండి ఉంటే దాని సొమ్మేం పోయిందని తిట్టుకున్నాను. చీకటి పడుతుండగా తిరుత్తణి ఇవతల, "అన్నా, ఆపు, వెనక చూడు" అంది. బండి నడుపుతున్నానన్నాను. వీపు మీద ఖాళీ తవలతో ఒకటి పొడిచింది. ఆపి చూశాను. కొండల వరసలో ఒక చోట చిన్న ఎర్ర చుక్క. గాలికి ఒకసారి సన్నబడి మళ్ళీ నిలిచింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. దోమలు కుట్టాయి, బయలుదేరాం.

తిరువళ్ళూరు స్టేషను దగ్గర దిగమంటే దిగలేదు. "నేనింక నిలబడి రైల్లో పోలేను. ఇంటికాడ దించు" అంది. ఇంకో ఇరవై కిలోమీటర్లు. నా నడుము విరిగిపోతోంది. ఏమీ అనకుండా పోనిచ్చాను.

పట్టాభిరామ్‌లో వాళ్ళ గేటు ముందు ఆపాను. గేటు మీద రెండు ప్రమిదలు వెలుగుతున్నాయి. మా బావ లుంగీ సర్దుకుంటూ బయటికి వచ్చి, నేను వచ్చిన ప్రతిసారీ అనే మాటే అన్నాడు.

"బావా, రాండి. టీ తాగి పోదురు."

"పొద్దుపోయింది. బండి ఆపితే మళ్ళీ..."

నా చెల్లెలు దిగింది. నా వైపు చూడలేదు. ఖాళీ తవలను చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా ఇంటి తవల. తీసుకురమ్మని గేటు దగ్గర నుంచి కేక వేయవచ్చు. అంతలో లోపల నుంచి, గచ్చు మీద ఇత్తడి దించిన చప్పుడు వినిపించింది. నెయ్యి అప్పజెప్పాక దించవచ్చు. కానీ దించాల్సింది ఇంట్లో, దేవుడి గూటి ముందు.

"అన్నా" అని లోపల నుంచే అరిచింది, "తవల కావాలంటే వచ్చి తీసుకో. నా చేతులింక లేవవు."

తాళం చెవి తిప్పి ఇంజను ఆపాను. ఆ నిశ్శబ్దంలో మా బావ నన్నూ బండినీ మార్చి మార్చి చూశాడు.

"స్టార్టు కాకపోతే మీరు తోయాలి" అన్నాను.

"తోస్తాం బావా" అన్నాడు, గేటు తీస్తూ.